ఆర్డరు తిరిగి చెప్పే మనిషి

మా నాన్న పదిహేడేళ్లు మిలిటరీలో పనిచేసి, చీపురుపల్లి వచ్చి, నాలుగు నెలలు మా అమ్మ దగ్గర పనిచేశాడు. ఈ రెండో ఉద్యోగమే కష్టమనిపించినట్టుంది. గరివిడి రోడ్డులో ఒక గోనెసంచుల గోడౌనుకి కాపలాగా చేరిపోయాడు. ఏడాదికి కాగితం మీద సంతకం కూడా పెట్టాడు.

అక్కడి సూపర్‌వైజరు నాకంటే చిన్నవాడు. యుద్ధమంటే సెల్‌ఫోన్లో ఆడేదని అతని అవగాహన. మొదటిరోజు మా నాన్నని "ముసలోడా" అన్నాడు. వారానికి చనువు పెరిగి "ఒరే" అన్నాడు. బండి తుడవమన్నాడు, సిగరెట్లు తెమ్మన్నాడు, క్యారేజీ కడగమన్నాడు. నాన్న తలూపి చేసేవాడు. ఇంట్లో అతని ప్రస్తావన వస్తే మాత్రం తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేసేవాడు. మా నాన్న లెక్కలో అది బూతు.

"ఆ పని మానీ," అంది అమ్మ. "గుంటడి సేత ఒరే అనిపించుకోడానికా మిలిటరీకెల్లినావు?"

"సంతకం ఎట్టీసినాను. ఏడాదయ్యీదాకా ఆ గేటు నాది."

"మరి అలా నడుం వంగిపోయి ఎల్తన్నావేటి?"

నిజమే, సైకిలు మీద ఆయన వీపు వంగుతోంది. మిలిటరీ పదిహేడేళ్లు నిలబెట్టిన వీపు అది.

ఊరికే అడిగాను. "నాన్నా, మిలిటరీలో కూడా ఆర్డరిస్తే ఇలాగే తలూపేవాడివా?"

"తలూపితే ఊరుకుంటారేటి? ఆర్డరు ఇన్నాక గట్టిగా తిరిగి సెప్పాల. సరిగ్గా ఇన్నామో లేదో ఆలకి తెలవాల కదా." అని, ఏదో తట్టినట్టు వీపు నిటారుగా పెట్టాడు.

మర్నాడు ఆయన మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి గోడౌనుకి వెళ్లాను. కళాసీలు లారీకి లోడు ఎత్తుతున్నారు. సూపర్‌వైజరు కుర్చీలోంచి లేవకుండా, "ఒరే, నా క్యారేజీ కడిగి, అందులోని చేప ముళ్లు కుక్కకెయ్యి," అన్నాడు.

నాన్న మడమలు టప్పున కలిపాడు. మైదానం అవతలికి వినిపించే గొంతుతో, "సార్! మీ క్యారేజీ కడగాల సార్! మీరు ఒగ్గీసిన సేప ముళ్లు కుక్కకెయ్యాల సార్!"

బస్తాలు భుజాల మీదే ఆగిపోయాయి.

"ఏ సేప మావా?" అన్నాడొక కళాసీ.

"ఆర్డర్లో సెప్నేదు," అని నాన్న కుళాయి వైపు కవాతు చేశాడు.

ఆ తర్వాత నుంచి సూపర్‌వైజరు ఆర్డర్లు గుసగుసగా ఇచ్చేవాడట. నాన్న గొంతు మాత్రం తగ్గించలేదు. "సార్! మీ ఆవిడ ఫోన్ సేస్తే మీరు లేరని సెప్పాల సార్!" అన్నరోజు లారీ డ్రైవరు కూడా దిగి వచ్చాడు.

చివరికి సూపర్‌వైజరు అరిచాడు. "ఇకమీదట ఆర్డరు తిరిగి చెప్పొద్దు!"

"సార్! ఇకమీదట ఆర్డరు తిరిగి సెప్పకూడదు సార్!"

నాన్న మాట తప్పలేదు. మళ్లీ చెప్పలేదు. చెప్పడానికి ఆర్డర్లూ రాలేదు. సూపర్‌వైజరు తన క్యారేజీ తనే పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్తుంటే, నాన్న గేటు దగ్గర్నుంచి లోటు లేకుండా సెల్యూట్ కొట్టేవాడు. ఎగతాళికేనా అని అడిగితే, "పై ఆఫీసరు కదరా," అని నొచ్చుకున్నాడు.

ఏడాది నిండింది. నాన్న ఇంకో ఏడాదికి సంతకం పెట్టి, సైకిలు మీద జెండాకర్రలా ఇంటికొచ్చాడు. అమ్మ గుమ్మంలోనే సంచీ చేతికిచ్చింది.

"ములక్కాడలు, పావుకిలో ఎండు మెత్తళ్లు తే."

నాన్న మడమలు కలిపాడు. గుండెనిండా ఊపిరి పీల్చాడు.

"నోరు తెరిసినావంటే సూడు," అంది అమ్మ.

నాన్న తలూపి, బజారుకి వెళ్లాడు.