కత్తి దాచిన గది

అమెరికాలో ఎక్కడో ఒకడు తుపాకి పట్టుకుని జనాన్ని కాలిస్తే, రియాద్ శివార్లలోని మా క్యాంపు గదిలో కూరగాయలు కోసే కత్తి మాయమైంది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని అడిగితే, సంబంధం నేనే.

అప్పుడు నితాకాత్ చట్టం నడుస్తోంది. సౌదీవాళ్లను సరిపడా పనిలో పెట్టుకోని కంపెనీలను ఎరుపు కింద వేసేవారు. ఎరుపులో పడ్డ కంపెనీ మనుషులకు ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే కార్డు, గడువు తీరాక మళ్లీ ఇవ్వరు. దానికి తోడు తలకింతని లెవీ. మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న కఫీల్ రెండు చేతులూ ఎత్తేశాడు, సైటు పని ఆగిపోయింది. ఖురూజ్, అంటే దేశం వదిలే ముద్ర, కొట్టించి అందరినీ ఇంటికి పంపిస్తామన్నారు గానీ ఎప్పుడో చెప్పేవాడు లేడు. ఇఖామా చచ్చిపోతే ఆసుపత్రి కార్డు కూడా చచ్చినట్టే. గేటు దాటితే పోలీసు భయం, దాటకపోతే నాలుగు గోడలు.

క్యాంపులో పని మిగిలింది నాకొక్కడికే. నేను ప్లంబర్ని. బిల్డింగు మొత్తానికి నీళ్లు ఎక్కించడం నా పని కాబట్టి డాబా తాళంచెవి నా జేబులో ఉండేది. రోజూ పొద్దున మోటారు వేసి, ట్యాంకులు నిండేదాకా పైనే కూర్చునేవాణ్ని. మొదట్లో అది చల్లగాలి కోసం. పోనుపోను పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూడడం అలవాటైంది. ఒక పొద్దున ట్యాంకు పొంగి నీళ్లు నా కాళ్ల కిందికి వచ్చేదాకా నాకు సోయి లేదు. చూసుకుంటే గోడ మీద రెండు చేతులూ ఆనించి, ముందుకు వంగి ఉన్నాను. ఆ రోజు నాకు నేనంటే భయమేసింది. దయ్యాన్ని చూసి భయపడితే పరుగెత్తొచ్చు. మనల్ని చూసి మనమే భయపడితే ఎటు పోతాం? ఎవరికీ చెప్పలేదు, చెబితే పిచ్చివాడంటారని. అప్పటినుంచి నాకు మాటలు తగ్గిపోయాయి. తిన్నావా అంటే తిన్నా, అంతే. ఇంటికి ఫోన్ చేసినా సిగ్నల్ లేదని పెట్టేసేవాణ్ని.

గదిలో నలుగురం. అందరిలో పెద్ద, జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన మేస్త్రి. ఆయన్ని కాకా అనేవాళ్లం. హైదరాబాద్ డ్రైవర్ ఒకాయన, మాకు భాయ్. నాలుగోవాడు నిజామాబాద్ ఎలక్ట్రీషియన్, నేను తమ్ముడనేవాణ్ని. వాడి ఫోనుకు తెలియని సంగతి లోకంలో లేదు, వాడికి తెలిసింది మాత్రం ఏమీ లేదు.

ఆ సాయంత్రం అన్నాలు తింటుంటే తమ్ముడు ఫోనును నూనె డబ్బాకు ఆనించి తెలుగు వార్తలు పెట్టాడు. ఏదో పెద్ద దుకాణాల సముదాయం. జనం చేతులు పైకెత్తి ఒకరి వెనక ఒకరు బయటికి వస్తున్నారు. ఒకావిడ ఒక కాలికే చెప్పుతో పరుగెడుతోంది. మా చేతులు పళ్లేల్లోనే ఆగిపోయాయి.

"దిమాగ్ ఖరాబైనోడే, ఇంకేంది," అన్నాడు తమ్ముడు. "మెంటల్ హెల్త్ అని డాక్టర్లే చెప్తున్నరు సూడుండ్రి."

"అరే, దిమాగ్ ఖరాబైనోళ్లు మన దగ్గర లేరా?" అన్నాడు భాయ్. "మనోడు రాయి ఇసురుతడు, బట్టలు చింపుకుంటడు. ఆడ దుకాన్‌ల బందూక్ అమ్ముతరు. ఫరఖ్ గదే."

కాక ఒప్పుకోలేదు. "బందూక్ ఒక్కటే గాదు. ఆడ ఎవని బతుకు వానిదే. కొడుకు అర్ర తలుపేసుకుంటే తండ్రి తట్టడట. మన దిక్కు గట్లుంటదా? ముద్ద దిగకపోతే పక్కింటామె సుత అడుగుతది."

నాకు ముద్ద దిగక పళ్లెంలో మెతుకులు కెలుకుతున్నాను. నన్నెవరూ అడగలేదు.

అంతలో కాల్చినవాడి పొరుగింటాయన తెర మీదికి వచ్చాడు. ఆయన మాటలను వార్తలావిడ తెలుగులో చెప్పింది. మంచివాడే, ఎవరి జోలికీ పోడు, ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడడం మానేశాడు. తమ్ముడు నన్ను చూసి, చూడనట్టు ఫోను వైపు తిరిగాడు. భాయ్ కూడా అంతే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఉన్నట్టుండి "ఇంత పప్పు వెయ్యి" అన్నాను. ఎన్నాళ్లకో ఎవరూ అడగకుండా నా నోట్లోంచి వచ్చిన మాట అది. దానికి కూడా ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

మా గదిలో వంట వంతులవారీగా సాగేది. నా వంతు రోజున ఉల్లిగడ్డలు ముందు పెట్టుకుని చూస్తే కత్తి లేదు. ఏమైందని అడిగాను.

"టూట్ గయా, ఇరిగిపోయింది," అన్నాడు భాయ్.

"పక్క రూమోళ్లు తీస్కపోయిన్రన్నా," అన్నాడు తమ్ముడు, అదే క్షణంలో.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. వీళ్లకు అదీ చేతకాలేదు. కాక మాత్రం గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. భాయ్ క్యాంపులోని బకాలా కొట్టుకు వెళ్లి, కోసి గడ్డకట్టించిన కూరగాయల ప్యాకెట్ తెచ్చి నా ముందు పెట్టాడు. పప్పులో నీళ్లు ఎక్కువ పోసుకుని తింటున్న రోజుల్లో అంత ఖరీదైన కూర! ఆ తర్వాత నా వంతు వచ్చినప్పుడల్లా ప్యాకెట్టే. బాత్రూం అద్దం దగ్గరుండే గడ్డం గీసుకునే బ్లేళ్లు కూడా పోయాయి. ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకునే భాయ్ ఇప్పుడు నావైపు తిరిగి పడుకుంటున్నాడు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. ఇంటి దగ్గర కోడిని కోస్తుంటే కూడా ముఖం తిప్పుకునేవాణ్ని నేను! నన్ను చూసి వీళ్లు కత్తి దాస్తారా? కోపం చల్లారాక మిగిలింది భయం. వీళ్లు నాలో నాకు కనిపించనిది ఏమైనా చూశారేమో? ఆ అమెరికావాడికి మాత్రం తెలుసా, తను అంత పని చేస్తాడని? మంచం మీద కూర్చుని నా చేతులను తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆ చేతులు ఆనాటి పొద్దున పిట్టగోడ దగ్గర నేను చెప్పిన మాట వినలేదు. ఇంకెక్కడ వినవో ఎవరికి తెలుసు?

ఒకనాడు బాత్రూంలో సింకు కింద దూరి కారుతున్న పైపు బిగిస్తున్నాను. బయట తమ్ముడి గొంతు వినిపించింది.

"ఫోర్మన్‌కు చెప్దాం కాకా. నాకు కంటి మీద కునుకు వడ్తలేదు. రేపేమన్న అయితే?"

"చెప్తే వాన్నేం జేస్తరు?"

"ఏమో. దవాఖానల ఏస్తరు గావచ్చు."

"ఇఖామా లేనోన్ని ఏ దవాఖాన తీస్కుంటదిరా? తీస్కపోయి తర్హీల్‌ల వడేస్తరు. ఆడ పిచ్చోడని పేరు వడ్డంక మల్ల వాన్ని మనిషోలె సూస్తరా?"

తర్హీల్ అంటే దేశం నుంచి వెళ్లగొట్టేవాళ్లను ఉంచే జైలు. అక్కడ నుంచి తిరిగొచ్చినవాళ్లు దాని గురించి మాట్లాడరు. నేను సింకు కిందే ముడుచుకుని ఉండిపోయాను. చేతిలోని పానా చప్పుడు కాకుండా నేల మీద పెట్టాను.

"శుక్రారం దాక ఆగు," అన్నాడు కాక. "నేను మాట్లాడుత. గప్పటికి నీ ఇష్టం."

శుక్రవారం పొద్దున నీళ్లు ఎక్కించడానికి వెళ్లినప్పుడు పిట్టగోడ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. తర్హీల్ కన్నా ఇదే సులువు కదా అని ఎవరో చెవిలో చెప్పినట్టు అనిపించింది. మోటారు ఆపకుండానే మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చి, తలుపుకు తాళం వేసి, ఆ తలుపుకే ఆనుకుని కూర్చున్నాను. తాళం వేశాను, కానీ తాళంచెవి నా దగ్గరే ఉంది.

మధ్యాహ్నం భాయ్ జుమా నమాజుకు వెళ్లాడు. తమ్ముణ్ని కాకే ఏదో పని చెప్పి బయటికి పంపాడు. తర్వాత మంచం కింది నుంచి తన రేకుపెట్టె లాగి, లుంగీలో చుట్టిన కత్తి తీశాడు. దాన్ని ఉల్లిగడ్డల పక్కన నా ముందు పెట్టాడు.

"కొయ్యి బిడ్డా. గా ప్యాకెట్ కూర తిని నోరు సచ్చింది."

తలుపు బార్లా తెరిచి, దానికి దగ్గరగా కూర్చుని ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్నాడు. నేల మీద కూర్చుంటే చెప్పులు విడిచే మనిషి, ఆవేళ విడవలేదు. పరుగెత్తాల్సి వస్తే ఉంటాయని. అంత భయంలోనూ వచ్చి కూర్చున్నాడు.

"నిన్నొకటి అడుగుత, కోపం జేస్కోకు. నీకు ఎవల్నన్న ఏమన్న జెయ్యాలనిపిస్తుందా?"

"లేదు కాకా."

"నీ తల్లి మీద ఒట్టు?"

"ఒట్టు."

ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. "గదే సాలు బిడ్డా. గా పోరలకు నేను చెప్త," అంటూ మోకాళ్ల మీద చేతులు పెట్టి లేవబోయాడు. అప్పుడు పట్టుకుంది నన్ను అసలు భయం. అందరూ అడగాలనుకున్న ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు దొరికింది. ఇక నన్ను ఎవరూ ఏమీ అడగరు.

"కాకా, పోకు."

జేబులోంచి తాళంచెవి తీసి కత్తి పక్కన పెట్టాను. "ఇది నీ పెట్టెల పెట్టుకో. కత్తి కాదు, ఇది దాసిపెట్టు."

"గిది డాబా తలుపుది గదా? నీళ్లెట్ల మరి..." అంటూ ఆగిపోయాడు. తాళంచెవిని చూశాడు. తలెత్తి పైకప్పు వంక చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు.

ఆయన చెప్పులు విడిచాడు. వాటిని గడప అవతలికి తోసి, తలుపు దగ్గరికి వేసి, నా పక్కకు వచ్చి మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నాడు.

"ఎన్ని దినాలాయె గిట్ల?" అన్నాడు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఉల్లిగడ్డలు ఇంకా కోయనేలేదు, అయినా ఇద్దరి కళ్లలోంచీ నీళ్లు కారుతున్నాయి.

మర్నాడు పొద్దున తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంది. నీళ్లు ఎక్కించడానికి ఇద్దరం వెళ్లాం. మెట్టు మెట్టుకూ మోకాళ్లు పట్టుకుని ఆగుతూ, ఆగిన ప్రతిసారీ నన్ను తిడుతూ ఎక్కాడు. పైకి వెళ్లాక ట్యాంకుల వైపు నన్ను నడవమని, నాకూ పిట్టగోడకూ మధ్యన తాను నడిచాడు.