రంధ్రం ఉందని నోరు జారిన రోజు

రిటైరయ్యే ముందు చివరి మూడేళ్ళూ కోలారులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎకో టెక్నీషియన్‌గా పనిచేశాను. గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసి చిత్రాలు తీయడం నా పని. వాటిని చూసి ఫలితం చెప్పేది, సంతకం పెట్టేది డాక్టరుగారు. ఆ హద్దు నేను ఒక్కసారే దాటాను.

ఆ ఉదయం కేజీఎఫ్ నుంచి మునియప్ప తన కూతురు గీతను తీసుకొచ్చాడు. అక్కడి బంగారు గనిలో గాలిని దారి మళ్ళించే తలుపులు చూసుకునే పని చేసినవాడు. గీత పోలీసు కానిస్టేబుల్‌గా ఎంపికైంది. వైద్య పరీక్షలో గుండె చప్పుడు తేడాగా ఉందని ఎకో రాశారు. రిపోర్టు బాగుంటేనే ఉద్యోగం.

ఒళ్ళంతా తిరిగిన రక్తం గుండె కుడి పైగదికి వచ్చి, కింది గదిలోకి దిగి, ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ శుభ్రపడి ఎడమ పైగదికి చేరి, ఎడమ కింది గది నుంచి మళ్ళీ ఒళ్ళంతా పారుతుంది. కుడి ఎడమల మధ్య గోడ ఉంటుంది. గీత గుండె పైగదుల గోడలో నాకు నల్లటి ఖాళీ కనిపించింది. "రంధ్రం ఉన్నట్టుందప్పా" అనేశాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ పిల్ల ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

మునియప్ప ఊరుకోలేదు. "చూస్తానే చెప్పేస్తే ఎట్లమ్మా? గనిలో తలుపు లీకంటే మేము పొడి ఊది, గాలి యాడికి పోతాదో చూసి చెప్తా ఉంటిమి. ఇంగ నువ్వేమి ఊదినావు?"

ఇన్నేళ్ళ అనుభవం ఉన్న నాకే పాఠమా అని ఒళ్ళు మండింది. కానీ అడిగినదాంట్లో తప్పులేదు. వెళ్ళి డాక్టరుగారిని పిలుచుకొచ్చాను.

ఆయన ఒంటికి ఆనించి చూసే ప్రోబ్‌ను పొట్ట పైభాగాన పెట్టి చూశారు. గోడ నిండుగా ఉంది. నేను చూసిన వైపు నుంచి ఆ పలుచని చోటు ఖాళీగా కనిపించడం మామూలేనని, కొత్తవాళ్ళు చేసే తప్పని మెల్లగా అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అనుమానం మిగలకూడదని సెలైన్‌ను బుడగలొచ్చేలా గిలకొట్టి గీత చేతి నరంలోకి ఎక్కించి, ఊపిరి బిగబట్టి ముక్కమన్నారు. కుడి గదులు బుడగలతో తెల్లగా నిండాయి. రంధ్రం ఉంటే బుడగలు దాటి రావాల్సిన ఎడమ గదులు నల్లగానే ఉన్నాయి.

"దాటలేదు కదమ్మా?" అన్నాడు మునియప్ప.

"ఒక్కటీ దాటలేదప్పా" అన్నాను. ప్రాణం లేచి వచ్చింది.

ఆ చప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ వినిపించేదేనని రాసి డాక్టరుగారు సంతకం చేశారు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఒక్క వైపు నుంచే చూసినదాని మాట నేను రోగి ముందు ఎత్తలేదు. రెండో వైపు నుంచి చూసినా చెప్పలేదు, అది డాక్టరు పని.