ఇక వంతు పులిది

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. సోమవారం పొద్దున పాలు పోయడానికి వచ్చినతను తలుపు తట్టి తట్టి మమ్మల్ని పిలిచాడు. రాత్రి నిద్రలోనే పోయినట్టుంది.

కమలాపురం దగ్గరి మా నేతవీధిలో ఆమె అరుగు తెలియనివాళ్లు లేరు. అరుగు మీది నాపబండపై పులి-మేక గీతలు ఉలితో కొట్టించుకుంది. మేకలకు చింతపిక్కలు, పులులకు మగ్గం దగ్గర నూలు చుట్టే ఖాళీ కండెలు. సాయంత్రం మగ్గం దిగి, మోకాళ్లు నొక్కుకుంటూ కూర్చునేది. పులులు ఎప్పుడూ ఆమెవే. మేకల వైపు ఇద్దరుండాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే పిక్క కదలాలి, లేకుంటే వంతు పోతుంది. ఆ ఇద్దరినీ ఆమే పిలిచేది. ఒకరితో ఒకరికి మాటల్లేని వాళ్లనే పిలుస్తుందని మాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇల్లు పంచుకున్నాక మా తోడికోడలికీ నాకూ మధ్య గోడ లేచింది. మాటలూ పోయాయి. ఒకరోజు పెద్దమ్మ ఇద్దరినీ కేకేసింది.

"ఆమెతో నేను ఆడను పెద్దమ్మా" అన్నాను.

"ఆమెతో యాడ ఆడతాండావు? నాతో గదా. ఆమె నీ పక్కనుండే మేక, అంతే."

ఎవరం పలకలేదు. వంతులు పోయాయి, పిక్కలూ పోయాయి. ఇంకొకటి పోబోతుంటే మా తోడికోడలు, నేను అక్క అంటాను, గోడ వైపు చూస్తూ అంది: "ఎమ్మే చదివిన మేకకు పులి కనపడల్యా?"

నాకు నవ్వొచ్చింది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "బిరీన కానీండి, నాకు పొయ్యికాడ పనుండాది" అంది.

తర్వాత రోజూ మాట్లాడుకున్నాం. ముందు మేకల గురించి, మెల్లగా పిల్లల చదువులు, అత్తగారి మందులు. అరుగు దిగితే మళ్లీ ఎవరి ఇల్లు వారిదే.

"ఆటలో మాట్లాడితే మాట్లాడినట్టేనా?" అని ఒకసారి పెద్దమ్మనే అడిగాను.

"ఏమోమ్మా. నోరైతే తెరుచుకుంటాండాది గదా."

ఆ మాటను పట్టుకునే ఇన్నాళ్లు ఉన్నాను. ఆమెను తీసుకెళ్తుంటే అక్కా నేనూ ఒకే గుంజను ఆనుకుని ఏడ్చాం. ఒక్క మాట రాలేదు. ఆట లేకుండా ఎలా మొదలుపెట్టాలో ఆమె మాకు నేర్పలేదు. నేర్పిందేమో, మేమే నేర్చుకోలేదేమో. అడుగుదామంటే ఆమె లేదు.

ఆదివారం మా ఆట సగంలో ఆగింది. పిక్కలు, కండెలు ఇంకా బండ మీదే ఉన్నాయి. నిన్న సాయంత్రం నేను వెళ్లేసరికి అక్క అప్పటికే అక్కడ నిలబడి ఉంది. ఇద్దరం బండ వైపే చూస్తూ ఉండిపోయాం. ఆదివారం చివరిగా మేకను ఇద్దరం ఒప్పుకునే కదిపాం. ఇక వంతు పులిది.