స్టార్టర్ నా బల్ల మీద ఉండగా

బండ్లకు కరెంటు పని చేసేవాడు దయ్యాలను నమ్మితే పూట గడవదు. ఇంజను తిరగలేదంటే ఎక్కడో తీగ తెగి ఉంటుంది, లేదా ఎర్త్ అందకపోయి ఉంటుంది, లేదా కార్బన్లు అరిగి ఉంటాయి. ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. నేను అలా వెతుక్కుంటూ బతికినవాణ్ణి. పిలుపు వస్తే ఏ వేళనైనా, ఏ దారినైనా సైకిల్ మీద ఒంటరిగా పోయాను. ఎక్కడా ఏదీ కనిపించలేదు, వినిపించలేదు.

ఇప్పుడు చెప్పబోయేది కూడా నా కంటికి కనిపించింది కాదు. ఇది జరిగినప్పుడు నేను అక్కడికి బస్సులో రెండు గంటల దూరంలో, మదనపల్లెలో నా షాపులో ఉన్నాను. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మాది కుప్పం పక్క పల్లె. పని నేర్చుకున్నది కుప్పంలో, షాపు పెట్టింది మదనపల్లెలో. ఎనభైల మొదట్లో ఒక వేసవిలో పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలోని ఒక పల్లె నుంచి చెంగల్రాయప్ప అనే రైతు వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, నిదానస్తుడు. వాళ్లకు ఒక పాత చైను ట్రాక్టరు ఉంది. చక్రాల బదులు ఇనుప పట్టాల మీద పాకుతూ, ముందున్న ఇనుప పలకతో మట్టి తోసే రకం. కుప్పం వైపు చెరువు పనులు చేసిన ఒక కంట్రాక్టరు దగ్గర కొన్నారు. ఏ దేశం నుంచి వచ్చిందో, పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది.

"పదైదు దినాలుగా కదల్లేదప్పా. బటన్ నొక్కితే టక్కంటాది, అంతే. వానలు పడేలోగా మిట్టచేను సదును చేసుకుంటే మల్బరీ పెట్టుకోవాలని మా తమ్ముడి ఆశ" అన్నాడు.

మర్నాడు ఉదయమే అతనితో వెళ్లాను. బండి చేని గట్టున కానుగ చెట్టు కింద ఉంది. అక్కడికి వంద గజాల్లో వాళ్ల దిగుడు బావి. చెంగల్రాయప్ప తమ్ముడు గంగులప్ప, మరో ఇద్దరు మనుషులు బావిలోకి దిగి పూడిక తీస్తున్నారు. ట్రాక్టరు కదలదు కాబట్టి ఆ వేసవిలో ఆ పనైనా కానిద్దామని దిగారట. పైన చెంగల్రాయప్ప భార్య మునెమ్మ తట్టలు అందుకుంటోంది.

ఇంజనును మొదట తిప్పి లేపేది స్టార్టర్. దాన్ని అక్కడ బాగుచేయడం కుదరదని చూడగానే తెలిసిపోయింది. ఇరుసును పట్టి ఉంచే ముందు బుష్ పూర్తిగా అరిగిపోయి, లోపల తిరగాల్సిన ఆర్మేచర్ చుట్టూ ఉన్న ఇనుముకు రాసుకుంటోంది. బోల్టులు విప్పి స్టార్టర్ కిందికి దించాను. అది ఉన్న చోట ఇంజను పక్కన పెద్ద రంధ్రం మిగిలింది. దుమ్ము పోకుండా దాంట్లో గోనెగుడ్డ కుక్కి, పైన తాడుతో కట్టాను. ట్యాంకు నుంచి డీజిల్ వదిలే కాక్ మూశాను. ఫిల్టర్ కింద గాజు గిన్నె ఉంటుంది, అది నిండుగా ఉండడం చూశాను. పొగగొట్టం మీద డాల్డా డబ్బా ఒకటి బోర్లించి ఉంది, వాన పడకుండా వాళ్లు పెట్టుకున్నది. దాన్ని నేను ముట్టుకోలేదు. రెండు బ్యాటరీలు కూడా ఛార్జింగ్ కోసం విప్పించాను. అన్నీ బస్సు టాపు మీదికెక్కించి నేను, చెంగల్రాయప్ప సాయంత్రానికి మదనపల్లె చేరాం.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ బండిలో ఇంజనును తిప్పగల వస్తువు ఒక్కటి కూడా ఆ రోజు మిగల్లేదని మీకు తెలియాలి. దానికి చేత్తో తిప్పే హ్యాండిల్ కూడా లేదు.

మరుసటి రోజంతా స్టార్టర్‌తోనే సరిపోయింది. అలాంటి పని నాకు ఇష్టం. కార్బన్లు రాసుకుంటూ తిరిగే కమ్యుటేటర్ కాలి నల్లబడి ఉంది. ఎదురుగా ఉన్న లేత్ షాపులో పలచగా కోత వేయించి, రాగి పలకల మధ్య సందులను రంపపు బ్లేడు ముక్కతో ఒక్కొక్కటే గీరాను. ఆ సైజు బుష్ ఎక్కడా దొరకదు. లేత్ ఆయనే గన్‌మెటల్‌లో కొత్తది తీశాడు. లారీ కార్బన్లను గరుకు కాగితం మీద అరగదీసి సరిపెట్టాను. చెంగల్రాయప్ప స్టూలు మీద కూర్చుని అన్నీ చూస్తూ, తమ్ముడి గురించి చెబుతూ ఉన్నాడు. అమ్మ పోయేనాటికి గంగులప్పకు రెండేళ్లట. మునెమ్మే సొంత బిడ్డలా పెంచిందట.

పక్క హోటల్లో మూడు గంటలకు బోండాలు దించుతారు. చెంగల్రాయప్ప వేడివేడిగా పొట్లం కట్టించుకొచ్చాడు. నా చేతులు మసిగా ఉన్నాయని తనే తుంచి నోటికి అందించబోతే ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికి స్టార్టర్ నా బల్ల మీద నాలుగు ముక్కలుగా ఉంది. బ్యాటరీలు మూల ఛార్జింగ్‌లో ఉన్నాయి. ఆ సమయంలో నా షాపులో వింత ఏదీ జరగలేదు. జరిగిందని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, జరగలేదు.

నాలుగు గంటలకల్లా బిగించి, కాలితో గట్టిగా తొక్కిపట్టి, వేరే బ్యాటరీ పెట్టి చూశాను. స్టార్టర్ ఒక్క గర్జన గర్జించి కాలి కింద ఎగిరిపడబోయింది. చెంగల్రాయప్ప ముఖం చూడాలి! బ్యాటరీలు కూడా ఎక్కించుకుని వెంటనే బస్సెక్కాం.

పొద్దు వాలేటప్పటికి పల్లె చేరితే చేని దగ్గర ఊరంతా ఉంది. బావి ఉత్తరపు గోడ పైనుంచి కింది దాకా జారిపోయి, సగం బావి మట్టితో పూడిపోయింది. చెంగల్రాయప్ప చేతిలో సంచి జారవిడిచి పరిగెత్తాడు.

"తమ్ముడు యాడుండాడు? గంగులు యాడ?"

"ఈడే ఉండాన్నా" అంటూ గంగులప్ప జనంలోంచి వచ్చాడు. ఒళ్లంతా ఎండిన బురద. ఆ ఇద్దరు మనుషులూ అతని వెనకే ఉన్నారు. ఎవరికీ చిన్న గీరు కూడా పడలేదు. అన్న తమ్ముణ్ణి భుజాలు, తల, వీపు తడిమి తడిమి చూసుకున్నాడు.

జరిగింది గంగులప్పే చెప్పాడు.

"మూడు గంటల బస్సు పోయినంక ఇంజను సద్దు ఇనిపించిందన్నా. మన బండిదే. నువ్వూ మెకానిక్కూ వచ్చి బిగించేసినారనుకుంటి. బండి కూస్తాంటే బాయిలో ఉండేదానికి మనసు ఒప్పలా. వీళ్లనీ రండ్రా సూద్దామని పిల్చుకోని పైకొచ్చినా. పోయి సూస్తే సీట్లో ఎవురూ లేరు."

ముగ్గురూ, వాళ్లతో పాటు మునెమ్మా బండికి పదడుగుల దూరంలో నిలబడిపోయారట. ఇంజను నిదానంగా తిరుగుతూనే ఉంది. డబ్బా ఎగిరి కింద పడి ఉంది. గొట్టంలోంచి పొగ వస్తోంది. అంతలో వెనక పెద్ద చప్పుడైంది. తిరిగి చూస్తే బావి మీద దుమ్ము లేచింది. మళ్లీ ఇటు తిరిగేసరికి ఇంజను రెండు మూడుసార్లు దగ్గినట్టై ఆగిపోయింది.

నేను నేరుగా కానుగ చెట్టు దగ్గరికి పోయాను. వీళ్లను అనుమానించి కాదు, నా పని అది.

గోనెగుడ్డ నేను కుక్కినట్టే ఉంది. తాడు ముడి నేను వేసిన ముడే. బ్యాటరీలు లేని పెట్టె ఖాళీగా ఉంది. కాక్ మూసే ఉంది. డాల్డా డబ్బా నేల మీద పడి ఉంది, దాని లోపల వేలు పెడితే తడి ఆరని కొత్త మసి అంటుకుంది. ఇంజను వెచ్చగానే ఉంది గానీ, వేసవిలో ఇనుము సాయంత్రం దాకా వెచ్చగానే ఉంటుంది, కాబట్టి దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు.

గాజు గిన్నె మాత్రం ఖాళీగా ఉంది.

ఎక్కడైనా కారిందేమో అని కింద మట్టి తీసి వాసన చూశాను. పొడి మట్టి. మర్నాడు ఉదయం స్టార్టర్ బిగించాక మొదట ఇంజను అందుకోలేదు. విప్పి చూస్తే డీజిల్ పైపుల్లో అంతా గాలే. కాక్ మూసిన ఇంజను నడిస్తే పైపుల్లో మిగిలిన డీజిల్‌తో కాసేపు నడిచి, దగ్గి, ఆగిపోతుంది. అప్పుడే పైపుల్లో గాలి అలా చేరుతుంది. గాలి తీసి బటన్ నొక్కితే మొదటి తిప్పుకే అందుకుంది. ఆ తర్వాత రోజంతా నడిచినా ఎక్కడా చుక్క కారలేదు.

ఆ ముందు రాత్రి వాళ్లింట్లోనే తిన్నాను. సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి, గడ్డపెరుగు. మునెమ్మ అందరికీ వడ్డిస్తూ, గంగులప్ప దగ్గరికి వచ్చినప్పుడల్లా వద్దన్నా ఇంకో ముద్ద వేసేది. నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, మళ్లీ నవ్వుతోంది. నా దగ్గర ఆగి అడిగింది.

"బండికి నువ్వేమైనా చేసిపెట్టి పోయినావా అప్పా?"

"లేదమ్మా. అది తిరిగే దారే లేదు."

గంగులప్ప తల ఎత్తాడు. "ఇంగొకసారి సెప్పప్పా. స్టార్టర్ లేకుండా తిరగదా?"

"తిరగదు."

"తిరిగింది కదా" అన్నాడు. వాదించడానికి కాదు, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

మునెమ్మ, "యాల తిరిగిందో, ఎట్ల తిరిగిందో దానికే తెలుసు. మనుసులు ముగ్గురూ ఈడ కూసోని తింటాండారు. నాకది సాలు" అని పెరుగు గిన్నె తేవడానికి లేచింది.

మర్నాడు ఆ బండితోనే బావి ఒడ్డున వదులుగా మిగిలిన గట్టును దూరంగా తోసేశారు. పది రోజుల్లో మిట్టచేను చదునైంది. తొలకరికి మల్బరీ కడ్డీలు నాటారు.

నేను ఆలోచించకుండా వదిలిపెట్టలేదు. దగ్గర్లో వేరే చైను ట్రాక్టరు ఉందేమోనని పుంగనూరు, పలమనేరు రెండు వైపులా విచారించాను. లేదు. భయంలో ఊహించుకున్నారా అంటే, శబ్దం వచ్చింది గోడ కూలక ముందు, భయపడ్డానికి ఏమీ లేనప్పుడు. ఎవరైనా కావాలని చేశారా అంటే, ఎలా చేస్తారో నాకే తెలియదు. నాకంటే పెద్ద మెకానిక్కులను అడిగాను. ఇంజనులో మిగిలిన వేడికి అందుకుని ఉంటుందని ఒకాయన అన్నాడు. పదిహేను రోజులుగా నడవని బండి అని చెప్పాక ఆయనా మాట మార్చాడు.

కొన్నేళ్లకు షాపును కుప్పానికి మార్చాను. గంగులప్ప పట్టుగూళ్ల పని మీద ఆ వైపు వచ్చినప్పుడల్లా షాపులోకి తొంగిచూసేవాడు. కాఫీ తాగేటప్పుడు తప్పకుండా ఒక మాట అడిగేవాడు.

"ఏమప్పా, తెలిసిందా?"

"తెలీలేదు గంగులప్పా" అనేవాణ్ణి.

అలా చెప్పినప్పుడల్లా అతని ముఖం విప్పారేది. ఏదో ఒక కారణం కల్పించి చెప్పి ఉంటే నొచ్చుకునేవాడేమో. చెబుదామన్నా నా దగ్గర లేదు. ఈ రోజు వచ్చి అడిగినా అదే చెబుతాను.