వరసలు కుదరని చార్టు

సోషల్ టీచరు కావాలనుకునేవాడు చరిత్ర చదువుతాడు, కాదంటే రాజనీతి చదువుతాడు. ఆ రోజుల్లో నాకు మాత్రం మానవశాస్త్రం చదవాలని బుద్ధి పుట్టింది. ఆ రోజులంటే తాతల కాలం అనుకోకండి, మొన్న మొన్నటి కరోనా కాలమే. (ముప్పై నిండకుండానే జ్ఞాపకాలు రాస్తున్నవాణ్ణి చూసి నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.) దుబాయ్ సోనాపూర్‌లో, మా కంపెనీ పనివాళ్లంతా ఉండే క్యాంపు ఆఫీసు ముందు నిలబడి, తెల్లారకముందే సైటు బస్సులెక్కే వాళ్లకు హాజరు వేయడం నా ఉద్యోగం. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలన్నది నా కోరిక. ముందు దూరవిద్యలో ఎం.ఏ., తర్వాత ఊరికి వెళ్లి బీఎడ్, ఆ తర్వాత చేతిలో చాక్‌పీసు అని లెక్క వేసుకున్నాను. మనుషులు ఎలా బతుకుతారో తెలిసినవాడే సోషల్ బాగా చెబుతాడని నాకు నేనే తీర్పు చెప్పుకుని ఫీజు కట్టేశాను.

ఆ క్యాంపులో మా గదికి పెద్ద దిక్కు క్రేన్ మామ. సైటులో క్రేన్ నడిపేవాడు, నాకు మామ వరస, అందుకని క్రేన్ మామ. మాట కరుకు. ఆయన దగ్గితే గదిలో ఫోన్ల చప్పుడు తగ్గేది. చదువు సంగతి చెప్పినప్పుడు మంచం మీద లేచి కూర్చుని, "ఏం సదువురా అల్లుడా అది?" అన్నాడు. మనుషుల గురించి చదవడం అన్నాను. "మనుషుల గురించి సదువుడేంది? మనం మనుషులం కామా? అద్దంల సూస్కుంటె అయిపాయె" అని మా టైల్స్ బావ పకపకా నవ్వాడు. (టైల్స్ వేసే మేస్త్రీ. నన్ను ఏడిపించడం ఆయనకు రెండో ఉద్యోగం.) క్రేన్ మామ నవ్వలేదు. "సరే, సారు అయితనంటున్నడు గద. వీని వంట పాలి ఇగ నేను చేస్త. నువ్వు పుస్తకం పట్టు అల్లుడా" అన్నాడు. పన్నెండు గంటలు క్రేన్ మీద కూర్చుని వచ్చిన మనిషి నా వంతు పప్పు కూడా తానే వండాడు. అందులో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే పడేది, నేను మాత్రం ఒక్కనాడూ వంక పెట్టలేదు.

రెండో ఏడు పరిశోధన వ్యాసం రాయాల్సి వచ్చింది. అడవులకో కొండలకో వెళ్లి ఏ తెగనో చూసి రావాలని ఉన్నా, కరోనా వల్ల పనికి తప్ప క్యాంపు గేటు దాటడమే గగనమైపోయింది. ఫోనులో మా గైడు గారు, "నీ గదినే రాయవయ్యా. ఎనిమిది మంది ఉన్నారంటున్నావు, ఇంకేం కావాలి?" అన్నారు. నిజమే కదా అనిపించింది. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. కొత్తగా ఎవరు గదిలోకి వచ్చినా పెట్టె దించకముందే "ఏ ఊరు?" అని అడుగుతారు. ఊరి నుంచి అమ్మమ్మ ఊరికి, అక్కడి నుంచి వాళ్ల అత్తగారి ఊరికి పోయి, ఎక్కడో ఒకచోట తెలిసిన మనిషిని పట్టుకుంటారు. కులం వేరైనా సరే, చాయ్ చల్లారేలోగా వరస కలిపేస్తారు. ఆ క్షణం నుంచి వాడు బావో, కాకో, అల్లుడో అయిపోతాడు. ఎవరిని వెక్కిరించవచ్చు, ఎవరి ముందు కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి అన్నది కూడా దానితోనే తేలిపోతుంది.

శుక్రవారం సెలవు రోజున పెద్ద చార్టు పేపరు గోడకు అంటించి మా గది వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. శాస్త్రం ప్రకారం మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా. మా గదిలో అన్నీ త్రిభుజాలే. "నన్ను సమోస లెక్క గీసినవేందిరా" అని ప్లంబర్ కాక గొణిగాడు. ఈయన మా నాన్నతో కలిసి ఒకప్పుడు బీడీల కంపెనీలో పనిచేశాడట, అందుకని నాకు కాక. అన్నీ సజావుగా సాగాయి. చివరి గీత గీసి వెనక్కి జరిగి చూసుకున్నాను. చూస్తే కొంప మునిగింది. ప్లంబర్ కాక నాకు నాన్న తమ్ముడి వరస. ఆయనేమో క్రేన్ మామను అన్నా అని పిలుస్తాడు. అంటే క్రేన్ మామ నాకు మామ కాడు, పెదనాన్న. క్రేన్ మామను కాకా అని పిలిచే టైల్స్ బావ బావ కాడు, వరసకు అన్నదమ్ముడు.

నేను నోరు మూసుకుని ఉంటే పోయేది. పరిశోధకుణ్ణి కదా, గొంతు సవరించుకుని అందరికీ వివరించాను. టైల్స్ బావ మొహంలో రంగు పోయింది. "అరే యాఖుదా! గిన్ని దినాలు మీ అక్కనిస్తవా అని ఎక్కిరించిన గద, అక్క అయితదా నాకు?" అని లెంపలు వేసుకున్నాడు. ప్లంబర్ కాక తాను కాకగానే ఉంటానని, మామను చేస్తే ఒప్పుకోనని భీష్మించాడు. క్రేన్ మామ చార్టును పైనుంచి కిందికి చూసి, "సదువుకున్నోడు గీసిండంటె నిజమే ఉంటది" అని తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్లిపోయాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటేనే బాగుండేది.

ఆ తర్వాత గది గది కాకుండా పోయింది. ఎవరిని ఏమని పిలవాలో ఎవరికీ తెలియదు. అన్నానికి పిలవాలంటే "ఇగో", "నిన్నే", "గా కిటికీ కాడి మనిషీ" అని పిలుపులు. టైల్స్ బావ నాతో మర్యాదగా మాట్లాడుతున్నాడు. ఆయన మర్యాద ఎంత భయంకరంగా ఉంటుందో అప్పుడే తెలిసింది. వెక్కిరింత లేని సాయంత్రాలు ఆసుపత్రి వార్డులా గడిచేవి. క్రేన్ మామ నా వంతు పప్పు వండుతూనే ఉన్నాడు. కానీ గిన్నె నా ముందు పెట్టి అల్లుడా అనకుండా వెళ్లిపోయేవాడు. దేశం కాని దేశంలో నాకున్న చుట్టరికమంతా చేతులారా చెరిపేసుకున్నానని దుఃఖం వచ్చేది. దాన్ని తిరిగి ఎలా తెచ్చుకోవాలో ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇంతలో మౌఖిక పరీక్ష వచ్చిపడింది, అదీ ఆన్‌లైన్‌లో, శుక్రవారం నాడు. గదిలో అందరూ ఉన్నారు, బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. సప్పుడు చెయ్యొద్దని దండం పెట్టి, బియ్యం బస్తా మీద ఫోను నిలబెట్టి, ఇస్త్రీ చొక్కా కింద లుంగీతో కూర్చున్నాను. పరీక్షించే మేడం కళ్లజోడు సర్దుకుని నేను వ్యాసంతో పంపిన చార్టు చూశారు. "ఒకే మనిషి మీకు మామా అవుతున్నాడు, పెదనాన్నా అవుతున్నాడు. ఇది ఎలా సాధ్యమండీ? సమాచారం సరిగ్గా సేకరించలేదు మీరు. మళ్లీ చేసి వచ్చే ఏడు రండి" అన్నారు. వచ్చే ఏడు! ఎం.ఏ. లేదు, బీఎడ్ లేదు, చాక్‌పీసు లేదు.

నా వెనక మంచం కిర్రుమంది. నా భుజం మీదుగా క్రేన్ మామ తల ఫోనులోకి వచ్చింది. "మేడం, నమస్తె. తప్పుగ అనుకోవద్దు. మీదే ఊరు?" మేడం బిత్తరపోయి, అలవాటు కొద్దీ కాబోలు, "మాది కోరుట్ల" అనేశారు. "కోరుట్లనా! నా అత్తగారిల్లు కోరుట్లనే!" క్రేన్ మామ మొహం వెలిగిపోయింది. అంతలోనే ఆగి, చెవి వెనక గోక్కున్నాడు. "గట్ల సూస్తె మరదలు వరస అయితవు. గని గింత సదువుకున్న మనిషిని మరదలంటె బాగుండది. చెల్లె అనుకుంటం, ఏమంటవు చెల్లె?"

మేడం నవ్వేశారు. నాకు అప్పుడు వెలిగింది. "మేడం, ఇప్పుడు మీకు జరిగిందే నా వ్యాసం. ఈయన ముందు మీకు ఎంత మర్యాద ఇవ్వాలో తేల్చుకున్నాడు, దానికి సరిపోయే వరస తర్వాత వెతికాడు. మా గదిలో ప్రతి ఇద్దరూ ఇలాగే కలుపుకున్నారు. అందుకే గీతలు కలవవు" అన్నాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, ఇప్పటికీ తెలియదు. వెనక నుంచి టైల్స్ బావ ఆగలేకపోయాడు. "కాకకు చెల్లె అంటె నాకు మేనత్త! బావా, కాళ్లు మొక్కు అత్తకు, పాస్ చేస్తది!" బావా అన్నాడు. అంత పరీక్షలోనూ నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "చార్టు కింద ఈ మాట రాసి పంపండి, చాలు" అన్నారు మేడం. "సరే చిన్నమ్మా" అన్నాను నేను. (మేడం అనబోయాను. ఒట్టు.)

పాసయ్యాను. ఊరికి వెళ్లి బీఎడ్ చేశాను, మళ్లీ వచ్చి షార్జాలో ఒక బడిలో ఆరో తరగతికి సోషల్ చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన వారం సెలవు దొరకగానే ఇన్ షర్ట్ చేసుకుని సోనాపూర్ వెళ్లాను. నన్ను చూడగానే క్రేన్ మామ మంచం దిగి నిలబడ్డాడు. "సారు వచ్చిండ్రు, కుర్చీ తెండ్రి. కూసోండ్రి సారు" అన్నాడు. ఆయన వండిన అన్నం తిని ఆ పిలుపు సంపాదించుకున్నవాణ్ణి, పొంగిపోవాల్సింది. నాకు మాత్రం ఆ గదికి మళ్లీ పరాయివాణ్ణయ్యాననిపించింది. కుర్చీ వదిలేసి ఆయన మంచం మీదే కూర్చున్నాను. "సారు ఏంది మామా? నేను పిల్లలకు సారును."

"మరి నేనేమనాలె?" అన్నాడు ఆయన, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

మనుషుల చుట్టరికాల మీద ఎం.ఏ. పట్టా ఉన్నవాణ్ణి, పెట్టె దించని కొత్త కుర్రాడిలా ఆయన చెయ్యి పట్టుకుని అడిగాను, "అల్లుడా అను మామా."