పూలు పెట్టి బడి అడిగారు

ఈ రోజు పొద్దున మా పక్కింటి రెడ్డెమ్మ, ఆమె భర్త మునిరత్నం నన్ను గుడికి తోడు రమ్మన్నారు. కూతురు హన్వికను ఏ బడిలో చేర్చాలో స్వామినే అడుగుదామని. మునిరత్నానికి మదనపల్లెలో పేరున్న పెద్ద స్కూలు కావాలి. అక్కడికి బస్సులో గంట ప్రయాణం. రెడ్డెమ్మకు ఇక్కడ పుంగనూరులో, మా వీధి చివరి చిన్న ప్రైవేటు స్కూలు చాలు. ఇద్దరూ పట్టు వదలడం లేదు.

మదనపల్లెకు తెల్లపువ్వు, పుంగనూరుకు ఎర్రపువ్వు అనుకున్నారు. పూజారిగారు వాటిని విడివిడిగా పొట్లాలు కట్టి స్వామి పాదాల దగ్గర పెట్టారు. పాప ఒకటి తీసింది. తెల్లపువ్వు వచ్చింది. రెడ్డెమ్మ, తను కోరింది రాకపోయినా, దాన్ని కళ్లకద్దుకుంది. మునిరత్నం మాత్రం పాపనే చూస్తూ నిలబడ్డాడు.

"సామీ, ఇంకోసారి తీయిద్దామా?" అన్నాడు మెల్లగా.

"యాలప్పా? నువ్వు కోరుకునిందే వచ్చింది గదా," అన్నారు పూజారిగారు.

"వచ్చింది సామీ. ఇది బస్సెక్కితే నిద్రపోతాది. ఆడ దిగేటప్పుడు ఎవురు లేపుతారు?"

"సూడక్కా, ఇన్నాళ్లూ నేను మొత్తుకునింది అదే గదా," అంది రెడ్డెమ్మ నాతో, కళ్లు తుడుచుకుంటూ.

పూజారిగారు రెడ్డెమ్మను చూపిస్తూ నవ్వారు. "మళ్లా సామినెందుకప్పా అడిగేది? ఆ యమ్మనడుగు, పో."

సాయంత్రానికి పాపను వీధి చివరి స్కూల్లోనే చేర్చి వచ్చారు. స్వామి మాట దాటినట్టా అని నాకూ కాస్త బెరుకుగానే ఉంది. కానీ ఆ తండ్రి చేత ఆ మాట అనిపించింది కూడా ఆయనే అనుకుంటున్నాను. మీరేమంటారు?