కంచె మీద మీసాలోడు

తేనెపెట్టెల పెద్దమ్మకు ఒక చెప్పు కాలికుంటే రెండోది చేతిలో ఉంటుంది. బిరుసు మీసాల ఈగ ఒకటి కంచె గుంజ మీద మాటువేసి, ఎగిరే తేనెటీగను గాలిలోనే పట్టి, మళ్ళీ అదే గుంజ మీద వాలి తీరిగ్గా పీల్చేస్తుంది. "మీసాలోడు భోజనానికొచ్చాడు," అంటూ ఆవిడ చెప్పు విసురుతుంది. వాడు పోయినట్టే పోయి వస్తాడు. ఆ మధ్యాహ్నం కొత్త రాణీగ జత కోసం బయటికెగిరింది. అది తిరిగి రాకపోతే పెట్టె మొత్తం ఖాళీ అయినట్టే. అంతలో మీసాలోడు ఏదో లావుపాటిదాన్ని పట్టుకొచ్చాడు. రాణేనేమోనని పెద్దమ్మ గుంజ దగ్గరికి పరుగెత్తింది. వంగి చూస్తే పెద్ద కళ్ళు, మొద్దు తోక. పోతుటీగ, రాణితో జతకట్టే మగది. ఈలోగా రాణి పెట్టెలోకి దూరింది.

"ఏమైందత్తయ్యా?" అంది కోడలు.

"పిల్ల ఇల్లు చేరిందమ్మా." పెద్దమ్మ చేతిలోని చెప్పు కాలికి తొడుక్కుంది. "వాణ్ణి తిననీలే. పెళ్ళికొడుకులకేం కరువు?"